ఓడదొంగకు దొంగబొమ్మ

మన తెలుగులో 'దొంగ' అనే మాటకున్న సౌలభ్యం ఇంతా అంతా కాదు. మనిషికే చేర్చనక్కరలేదు, వస్తువు ముందు చేర్చినా చాలు, దాని గుట్టు బయటపడిపోతుంది. దొంగనోటు, దొంగసంతకం, దొంగఓటు, ఆఖరికి దొంగఏడుపు, దొంగనిద్ర కూడా మనకున్నాయి. నోటు దొంగతనం చేయదు. నిద్ర ఎవరి జేబూ కొట్టదు. అయినా తమది కాని వేషం వేసుకున్న పాపానికి మన పెద్దలు వాటిని కూడా అదే గాటన కట్టేశారు. ఇంతవరకు బాగానే ఉంది. ఓడలు కొల్లగొట్టే సముద్రపు దొంగ బొమ్మకు నకిలీ తయారైతే దాన్ని ఏమనాలి? దొంగదొంగబొమ్మ అనాలా, దొంగ దొంగబొమ్మ అనాలా? మా ఇంట్లో మొన్న వేసవిలో ఈ వ్యాకరణ సమస్య వచ్చిపడింది. వ్యాకరణంతోనే పోయి ఉంటే ఈ వారం దాన్ని మీ ముందు పెట్టేవాణ్ణి కాను.

మాది ధర్మసాగర్. 2021లో వరంగల్ అర్బన్ అనే పేరు పోయి జిల్లాకు హనుమకొండ అనే పేరు వచ్చింది గనుక, ఇప్పుడు ఉత్తరం రాసేవాళ్లు హనుమకొండ జిల్లా అని రాయాలి. సముద్రానికీ మాకూ ఎటువంటి చుట్టరికమూ లేదు. ఊరి పక్కన పెద్ద చెరువుంది. దేవాదుల ఎత్తిపోతల పుణ్యమా అని గోదావరి నీళ్లు గొట్టాల వెంట అంతదూరం నడిచివచ్చి అందులో పడతాయి. హనుమకొండ, వరంగల్ వాళ్ల దాహం తీర్చటంలో ఆ నీళ్లకూ భాగముంది. అందులో చేపలు పట్టేవాళ్ల తెప్పలే మాకు నావలు, ఓడలు, సర్వమూను. అటువంటి ఊళ్లో, పదో తరగతికి వచ్చిన మా తమ్ముడి కొడుకు ఒక ఓడదొంగను ఆరాధిస్తున్నాడని తెలిసినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది.

ఆ ఓడదొంగ పేరు ఎడ్వర్డ్ కెన్‌వే. పుస్తకంలో పుట్టినవాడు కాడు, సినిమాలో పుట్టినవాడు కాడు, వీడియో గేమ్‌లో పుట్టినవాడు. 2013లో యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ 'అసాసిన్స్ క్రీడ్' అనే ఆటల వరుసలో నాలుగో నంబరుతో 'బ్లాక్ ఫ్లాగ్' అని ఒకటి తెచ్చింది. నల్లజెండా అన్నమాట. అందులో కథానాయకుడు ఇతను. వేల్స్ దేశపు బీదవాడు, డబ్బు సంపాదించాలని కరీబియన్ సముద్రానికి పోయి ఓడదొంగ అవుతాడు. కాలం 1715 ప్రాంతం. అతని ఓడ పేరు జాక్‌డా, అదొక కాకిజాతి పక్షి. కెన్‌వే కల్పితుడైనా చుట్టూ ఉన్నవాళ్లలో నిజమైన ఓడదొంగలున్నారు. 1718లో యుద్ధంలో చచ్చిన నల్లగడ్డం ఎడ్వర్డ్ టీచ్ కూడా అందులో ఒక పాత్ర. ఇదంతా మావాడు ఒక ఆదివారం పొద్దున నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. చరిత్ర పరీక్షలో ముప్పయ్యారు మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఇంత చరిత్ర నోటికి చెబుతాడని వాళ్ల మాస్టారికి తెలిస్తే ఏమనుకుంటాడో!

ఇటువంటి వీరులకు బొమ్మలు కూడా వస్తాయి. కీళ్లు తిరుగుతాయి, చేతిలో కత్తి పెట్టవచ్చు, తీసేయవచ్చు. యాక్షన్ ఫిగర్లంటారు. కెన్‌వే బొమ్మను అమెరికాలో మెక్‌ఫార్లేన్, నెకా అనే కంపెనీలు ఆట సొంతదారుల అనుమతితో తయారు చేశాయి. అవి ఇప్పుడు దొరకటం కష్టం. దాచుకున్నవాళ్లు అమ్మితేనే దొరకాలి, అమ్మినప్పుడు చెప్పే ధర మామూలు సంసారులు వినదగ్గది కాదు. మావాడు దసరాకు, సంక్రాంతికి మేనమామలు చేతిలో పెట్టిన డబ్బు కూడబెట్టి, ఫోన్‌లో ఒక అంగడివాడు 'నూటికి నూరుపాళ్లు అసలుది' అని రాసిన మాట నమ్మి, 649 రూపాయలు కట్టాడు. నాలుగు రోజుల తరువాత కొరియర్ కుర్రవాడు ఓడదొంగను తెచ్చి మా గుమ్మంలో పెట్టిపోయాడు.

పెట్టె విప్పిన పది నిమిషాలకే వాడి ముఖం వాడిపోయింది.

"పెద్దబాపూ, గిది అసల్ది కాదు."

ఎట్లా తెలిసిందిరా అంటే, ముందు పెట్టె చూపించాడు. అసాసిన్ అన్న మాటలో ఇంగ్లీషు ఎస్ అక్షరాలు నాలుగుండాలి, దాని మీద మూడే ఉన్నాయి. తరువాత బొమ్మ పాదం తిప్పి చూపించాడు. అసలు బొమ్మలకు పాదం కిందనో వీపు మీదనో కంపెనీ పేరు, సంవత్సరం చిన్న అక్షరాలలో అచ్చులోనే పోతపోసి ఉంటాయట. దీనికి అక్కడ ఏదో గీకేసిన మచ్చ మాత్రం ఉంది. రంగు కనుబొమ్మల మీద ఉండవలసింది కంట్లోకి కారింది. కుడి మోచెయ్యి వంచితే మళ్లీ నిటారు కాదు. వాడి స్నేహితుడొకడు హనుమకొండలో ఉన్నాడు. ఆ అబ్బాయి అన్న అమెరికా నుంచి అసలు బొమ్మనే తెచ్చాడు. రెండూ పక్కపక్కన నిలబెట్టి చూశారు. మనది పొట్టి. ఒక కణుపు పొట్టి.

ఈ పొట్టితనం సంగతి నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇందులో ఒక సూత్రముంది. దొంగబొమ్మ చేసేవాడు శిల్పిని పెట్టుకోడు. అసలు బొమ్మ ఒకటి కొని, దాని మీదనే అచ్చు తీసి, ఆ అచ్చులో వేడి ప్లాస్టిక్ పోస్తాడు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కొద్దిగా ముడుచుకుంటుంది. అసలు కంపెనీవాడు ఆ ముడుచుకునే లెక్క ముందే వేసుకుని అచ్చు కొంచెం పెద్దది చేసుకుంటాడు. నకిలీవాడు చల్లారిన బొమ్మ మీద అచ్చు తీస్తాడు గనుక, రెండోసారి ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోతుంది. ముక్కు చివర, మీసం అంచు, గుండీ గాట్లు అన్నీ కాస్త కాస్త అరిగిపోతాయి. ఈ బొమ్మ మీద మరొకడు అచ్చు తీస్తే అది ఇంకా పొట్టి. వెనకటికి కార్బన్ కాగితాలు నాలుగు పెట్టి టైపు కొడితే నాలుగో ప్రతి ఎలా ఉండేదో పెద్దవాళ్లకు జ్ఞాపకముండే ఉంటుంది.

ఇక ఇంట్లో సభ మొదలైంది. మా తమ్ముడికి డబ్బు మీద కోపం. "ఆర్నూట యాభై రూపాయలు! పదిరోజుల పాలొస్తయి గా పైసలతోని" అని రెండుసార్లు అన్నాడు. మా అమ్మ మంచం మీద నుంచి లేవకుండానే, "బొమ్మకు అసలేందిరా, నకలేంది? ఆడుకునెటందుకే గద. చేతులున్నయి, కాళ్లున్నయి, సాలదా?" అంది.

మా అమ్మ అడిగింది చిన్న ప్రశ్న కాదు. నేను రెండు రోజులు దాన్ని గురించే ఆలోచించాను. మన బొమ్మల కొలువులో పెట్టే శ్రీరాముణ్ణి ఎవరు చేశారని ఎన్నడైనా అడిగామా? కొండపల్లిలో తాత చేసిన అంబారీ ఏనుగునే తండ్రి చేశాడు, తండ్రి చేసిన ఏనుగునే కొడుకు చేస్తున్నాడు. దాన్ని నకలు అనం, సంప్రదాయం అంటాం. మా దిక్కుకే వస్తే, చేర్యాల ఉంది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సిద్దిపేటలోకి పోయింది గాని అంతవరకు మా వరంగల్ జిల్లాదే. అక్కడి నకాషీ వాళ్లు రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి బొమ్మలు చేసి, మందెచ్చుల కథకులకు ఇచ్చేవాళ్లు. గొల్లల కథ చెప్పేటప్పుడు ఆ బొమ్మలు ఒక్కొక్కటే సభలోకి వస్తాయి. బొమ్మ పాతబడితే మళ్లీ అటువంటిదే చేయించుకుంటారు. అచ్చంగా పాతదానిలాగే ఉండాలి. ఉండకపోతేనే తప్పు.

అంతెందుకు, మా పక్క అయినవోలు మల్లన్న జాతరకు సంక్రాంతినాడు పోయి చూడండి. తట్టలో ముఖాల తొడుగులు, గాలి బొమ్మలు పెట్టుకుని కూర్చున్నవాళ్లు పదుల మంది. అందులో మొదట అమ్ముడుపోయేది ఛోటా భీమ్. ఈ భీముడు మన హైదరాబాదు బిడ్డ. గ్రీన్ గోల్డ్ అనే హైదరాబాదు కంపెనీ సృష్టించగా 2008లో టెలివిజన్‌కెక్కాడు. జాతరలో నేను కొన్న తొడుగు మీద ఆ కంపెనీ పేరు వెతికాను, ఎక్కడా లేదు. భీముడి ధోవతి ఆకుపచ్చగా ఉంది, కంపెనీవాడికి తెలిస్తే ఆ రంగుకైనా కోపం రావాలి. కాని తట్టవాడు నాతో "ఇది అసలుది సార్" అనలేదు. "ముప్పై రూపాయలు" అన్నాడు, అంతే. కంపెనీకి రావలసింది రాలేదు, అది వేరే లెక్క. చట్టం దృష్టిలో అది కూడా తప్పే, నేను కాదనను. అయినా, కొన్న నన్ను మాత్రం అతను మోసగించలేదు.

ఇక్కడే నాకు మా అమ్మ ప్రశ్నకు జవాబు దొరికిందనిపించింది. ఒకదాన్ని చూసి మరొకటి చేయటంలో దొంగతనమంతా లేదు. ఎవరితోనైనా అబద్ధం చెప్పారా అన్నది చూడాలి. మావాడితో చెప్పారు. పెట్టె మీద చెప్పారు, ఫోన్‌లో చెప్పారు.

రెండేళ్ల కిందట హనుమకొండలో ఒక ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. ఒక దుకాణంలో ఎడ్లబండి బొమ్మ ఉంది, చక్కటి రంగులు. కొండపల్లిది అన్నాడు. చేతిలోకి తీసుకుంటే సుత్తి తీసుకున్నట్టుంది. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర బెండులాగా తేలిక. ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఎడ్లబండి మొత్తం కలిపినా చేతిలో బరువు తెలియదు. ఇదేమో పోతపోసిన సరుకు. "కొండపల్లి ఎక్కడుందయ్యా?" అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, "రాజస్థాన్ దిక్కు సార్" అన్నాడు. నవ్వకండి. కొండపల్లి కళాకారులు తమ పూర్వులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచే వచ్చారని చెప్పుకుంటారు. కాబట్టి ఆ మహానుభావుడు తెలియకుండానే అబద్ధంలో నిజం కలిపాడు. ఆ కర్రకు, ఆ చేతులకు పెట్టింది పేరైన ఊరు విజయవాడ పక్కనుంది. ఆ ఊరి పేరు ఎత్తుకుపోయి అతను తన సరుకుకు తగిలించుకున్నాడు.

ఊరి పేరు కూడా ఆస్తే అని మన ప్రభుత్వం 1999లో ఒక చట్టం చేసింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలు. భౌగోళిక సూచిక అంటున్నారు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు ఆ రక్షణ ఉంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను చక్రం మీద తిప్పి లక్కతో చేసే బొమ్మలకు 2017లో వచ్చింది. ఆ పేరు దొంగతనంగా వాడుకున్నవాడికి ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా ఖైదు, 50,000 రూపాయల నుంచి 2,00,000 దాకా జరిమానా. అదే 1999లో వచ్చిన ట్రేడ్ మార్కుల చట్టం తిరగేస్తే, కంపెనీ గుర్తు దొంగిలించి అమ్మినవాడికీ సరిగ్గా అదే ఖైదు, అదే జరిమానా. అంటే అంకుడు కర్ర బొమ్మకూ, వేల్స్ దేశపు ఓడదొంగకూ మన చట్టం ఒకటే తక్కెడ పట్టుకున్నది. ఇది నాకు సంతోషం కలిగించింది. శిక్షపడినవాళ్లు ఎంతమంది అని మా తమ్ముడు అడిగాడు. వాడెప్పుడూ అంతే, సంతోషించనివ్వడు.

ఇంతవరకు మా మరదలు మాట్లాడలేదు. మూడోనాడు సాయంత్రం బొమ్మను కొంగుతో పట్టుకుని తెచ్చి నా ముందు పెట్టింది.

"బావా, పైసలు పోతె పోనియ్యుండ్రి. గీ వాసన చూడుండ్రి ఒక్కసారి. పొద్దుగాల నుంచి చిన్నది దీని టోపీ నోట్లె వెట్టుకుంటాంది."

చిన్నదంటే మా తమ్ముడి కూతురు, రెండున్నరేళ్లు. బొమ్మ వాసన చూశాను. పెట్రోలు బంకులో కొత్త చెప్పులు కాల్చినట్టుంది. అప్పటిదాకా ఇది న్యాయాన్యాయాల ముచ్చట. అప్పటినుంచి వేరే ముచ్చట అయింది.

గట్టి ప్లాస్టిక్‌ను మెత్తగా, వంగేట్టు చేయటానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌లో కరిగి కూర్చోవు, మెల్లగా బయటికి ఊరుతుంటాయి. పసిపిల్లలు చప్పరిస్తే నోట్లోకి పోతాయి. చవక రంగులలో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్నది డాక్టర్లందరూ ఒప్పుకున్న మాట. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారు బజారులో విదేశీ బొమ్మలు కొని పరీక్ష చేయిస్తే నూటికి అరవయ్యారు పైచిలుకు తప్పాయి. పరీక్షలో మూడింట రెండు వంతుల మంది తప్పితే ప్రశ్నపత్రం కష్టంగా ఉందంటాం. ఇక్కడ ఆ మాట చెల్లదు.

ఆ తరువాతే ప్రభుత్వం మేలుకుంది. 2020 ఫిబ్రవరిలో విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం నూటికి 20 నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి, పధ్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే ఏ బొమ్మకైనా, ఇక్కడ చేసినదైనా బయటనుంచి వచ్చినదైనా, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండి తీరాలన్నారు. ముద్ర లేకుండా అమ్మటం నేరం. 2023 జనవరిలో ఆ అధికారులు పెద్ద పెద్ద దుకాణాల మీద పడి 18,600 బొమ్మలు పట్టుకున్నట్టు ప్రకటించారు. మన చేతిపని వాళ్లకు మాత్రం, హస్తకళల శాఖలో పేరు నమోదైనవాళ్లకు, భౌగోళిక సూచిక ఉన్న బొమ్మలకు ఈ ముద్ర అక్కరలేదని మినహాయించారు. మంచి పని. పొణికి కర్ర ఏనుగును యంత్రంలో పెట్టి నలగ్గొట్టి చూడటమెందుకు?

అయితే ఒక సందు ఉంది, అది తల్లులు తెలుసుకోవలసిన సందు. పధ్నాలుగేళ్ల లోపు అన్నారు గదా! ఈ వీరుల బొమ్మల పెట్టెల మీద 'పధ్నాలుగు దాటినవారికి', 'దాచుకునేవారికి' అని ముద్రిస్తుంటారు. అసలు కంపెనీవాళ్లు పెద్దవాళ్ల అలమారా కోసమే చేస్తారు, వాళ్లమీద నాకు ఫిర్యాదు లేదు. నకిలీవాడు ఆ అక్షరాలను కూడా నకలు కొడతాడు. దాంతో బొమ్మ ఆట వస్తువు కాకుండా అలంకార వస్తువై కూర్చుంటుంది. మా ఓడదొంగ పెట్టె మీద కూడా ఆ మాట ఉంది, అక్షర దోషం లేకుండా ఉన్నది అదొక్కటే. ఐ.ఎస్.ఐ. ముద్ర లేదు, దిగుమతి చేసినవాడి పేరు లేదు, ఏ దేశంలో చేశారో లేదు. ముద్ర ఉన్నచోట కూడా దానితో పాటు లైసెన్సు అంకె ఉండాలి. ఆ అంకెను 'బీఐఎస్ కేర్' అనే ఫోన్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరికిచ్చారో తెలుస్తుంది. దొంగముద్రలు కూడా ఉంటాయి మరి. మళ్లీ ఆ మాటే!

అసలు చిక్కు ఆ వారం చివర వచ్చింది. కాజీపేటలో ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు, మావాడికి ఆటలోనే పరిచయం, బొమ్మ ఫోటో చూసి 600 ఇస్తానన్నాడు. అసలుదేనా అని అడగలేదు. అసలుదనే అనుకున్నాడు. మా తమ్ముడు వెంటనే, "ఇచ్చెయ్యిరా. మనం అడిగినమా? ఆనంతట ఆడే ఇస్తాండు. అసల్దని మనం చెప్తలేం గద!" అన్నాడు. మా తమ్ముడు చెడ్డవాడు కాడు. వాడి కొలువులో నెలాఖరు అంటే ఏమిటో వాడికే తెలుసు. నష్టం ఒక్క 49 రూపాయలతో పోతుంటే వద్దనే తండ్రి ఎవరు? మావాడు నా దిక్కు చూశాడు. వాడి కళ్లలో ఆశ ఉంది, అమ్మమంటాననే ఆశ.

నేను అమ్మమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఓడల సంగతి వచ్చింది గనుక, మన ఓరుగల్లు రాజు ఓడల గురించి చేసిన పని ఒకటి చెప్పాను. బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున మోటుపల్లి అని ఊరుంది, కాకతీయులనాడు పెద్ద రేవు. అక్కడ 1244-45లో గణపతిదేవ మహారాజు వేయించిన శాసనముంది. అంతకు ముందు ఒక ఆచారం. గాలివానకు దారితప్పి ఓడ ఏ రాజ్యపు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ రాజు అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ బలవంతంగా తీసుకునేవాడు. ఎవరూ దోచలేదు, సముద్రమే తెచ్చి ఒడ్డున పడేసింది గదా అని. గణపతిదేవుడు దాన్ని మానుకున్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వ్యాపారం చేసేవాళ్ల కష్టం తలచి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాతిమీద చెక్కించి ఇచ్చాడు. సుంకం ముప్పయ్యింట ఒకటి. అందుకే దాన్ని అభయశాసనమంటారు.

మావాడు కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత వాడు చెప్పిన మాట నేను ఊహించనిది. వాడి ఆటలో మొదట్లోనే కెన్‌వే ఒకణ్ణి చంపి, వాడి బట్టలు తొడుక్కుని, వాడి పేరు చెప్పుకుని హవానా పట్నం పోతాడట. ఆ బట్టలలోనే మనం అతణ్ణి బొమ్మగా చూస్తున్నామట.

"అంటే పెద్దబాపూ, ఆడే డూప్లికేటు. గీ బొమ్మ డూప్లికేటుకు డూప్లికేటు."

అని లోపలికి పోయి, కాజీపేట అబ్బాయికి రాసేశాడు: ఇది అసలుది కాదు, చెయ్యి వంగదు, వాసన వస్తుంది అని. మా తమ్ముడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వెనక ముఖం ఎలా ఉందో నేను చూడలేదు గాని, ఆ రాత్రి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని తన పళ్లెంలోని కోడిగుడ్డు వాడి పళ్లెంలో వేశాడు.

డబ్బు కోసం మేము వేరే దారి పట్టాం. 1915 అని వినియోగదారుల సహాయ నంబరుంది, తెలుగులో మాట్లాడతారు. కొన్న రసీదు, పెట్టె ఫోటో, పాదం ఫోటో, 'నూటికి నూరుపాళ్లు' అన్న ప్రకటన ఫోటో దగ్గర పెట్టుకుని మా మరదలే మాట్లాడింది. ఫోటోలు అటకెక్కించకుండా దాచింది ఆమే గనుక ఆ హక్కు ఆమెది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. అంతదాకా పోనక్కర లేకపోయింది. పదిహేడో రోజున 649 రూపాయలూ తిరిగొచ్చాయి. బొమ్మను వెనక్కి పంపమని అంగడివాడు అడగనేలేదు. అదే ఫోటోతో, అదే బొమ్మను 'సముద్ర వీరుడు, అలంకార వస్తువు' అని పేరు మార్చి 599కి పెట్టాడు. ఈసారి నూటికి నూరుపాళ్లు అన్న మాట తీసేశాడు.

బొమ్మను ప్లాస్టిక్ సంచిలో కట్టి బీరువా మీద, చిన్నదాని చెయ్యి అందని చోట పెట్టింది మా మరదలు. పారేయమంటే మా అమ్మ ఒప్పుకోవటం లేదు. కాళ్లు చేతులున్నదాన్ని చెత్తబండిలో వేయకూడదంటుంది. ఇంతలో కాజీపేట అబ్బాయి కథ మొదటికి తెచ్చాడు. దొంగదైనా సరే తనకు కావాలట, 200 ఇస్తాడట. తెలిసి కొంటానంటే ఏం చెప్పాలి? మావాడు కొంచెం మెత్తబడ్డాడు. వాళ్లింట్లో చిన్నపిల్లలున్నారా అని మా మరదలు అడిగింది. నాలుగేళ్ల తమ్ముడున్నాడని తేలింది. అయితే లేదంది. ఆ అబ్బాయి మాత్రం ఆదివారం ఆదివారం సైకిలు మీద వస్తాడు, మా ఇంట్లో చాయ తాగుతాడు, బీరువా దిక్కు చూస్తాడు. పోయిన ఆదివారం 150కి దిగాడు.